గొట్టంలో వెలుగు

విజయదశమి... మధ్యాహ్నం మూడు! కమ్మింగ్ ఊరి మీద ఆకాశం విషం మింగిన గొంతులా నీలమైంది. పట్టపగలే గుడ్లగూబ కూసింది! అల్ఫారెట్టా ఆఫీసులో ఉన్న అనీష్ ఫోన్‌లో భార్య దమయంతి కేక... "ఏవండీ! మావయ్యగారి స్టాక్..." మిగతాది ఉరుము మింగేసింది.

అతనికి వినపడింది 'స్ట్రోక్'! అంబులెన్స్‌కి ఫోన్ కొట్టి, కారుని కాలితో కాదు, కంగారుతో నడిపాడు.

కమ్మింగ్‌లోని ఇంటి గరాజ్‌లో నాన్న శేషగిరి నిక్షేపంగా ఉన్నాడు... కుర్చీకి తాళ్లతో బందీగా! చీలింది ఆయన వేట తుపాకీ స్టాక్... భుజానికి ఆనించే ఆ వాల్‌నట్ చెక్క!

నలభై ఏళ్లుగా వారం వారం నూనె రాసి పసిబిడ్డలా సాకిన తుపాకీ అది. అనీష్ దృష్టిలో పాత కర్ర. నల్ల ప్లాస్టిక్ ఒళ్లు, డిజిటల్ కన్ను ఉన్న కొత్త తుపాకీయే అతనికి ముద్దు. పదహారేళ్ల కూతురు వేదకైతే రెండూ చేదే!

కొత్తదానికి ఆయుధపూజ చేయమని అనీష్ పిలిచిన పూజారి ఉమాకాంత్ ఇప్పుడు బూడిద వలయంలో, లేడి కపాలం ముందు...

"నీ ప్లాస్టిక్‌కి ప్రాణం పట్టదురా! ఈ కట్టెలో నూరు మృగాత్మలున్నాయి! ఒక్క నరబలి... అన్నీ నా బానిసలు!"

తాంత్రిక యంత్రం చెక్కబోయి చెక్కనే చీల్చేశాడు! తూటా ఎక్కించి, ఆత్మలు పారిపోకుండా ఆ బారెడు బారెల్ గొట్టం నిండా మైనం, చితాభస్మం, సిందూరం దట్టించాడు.

అతని మంత్రానికి ఒళ్లు తెలియని దమయంతి జుట్టు విరబోసుకుని, తెల్లగుడ్లు తేలేసి, కన్నకూతుర్నే కపాలం ముందుకు ఈడ్చింది!

"అమ్మా, స్టాప్! డాడ్!!"

అనీష్ దూకాడు. అదృశ్యశక్తి గోడకేసి కొట్టింది. పక్కటెముక పుటుక్కు! నోటినిండా నెత్తురు! ఉమాకాంత్ చేతిలో తుపాకీ వేద గుండెకి గురిపెట్టి ఉంది...

శేషగిరి నవ్వాడు! "ఒరేయ్, తుపాకీ పడితే ముందు ఏం చూడమనేవాణ్ణిరా?"

గొట్టం! బోల్టు తీసి గొట్టంలోంచి వెలుగు చూడాలి. లోపల అడ్డుంటే పేలేది పట్టుకున్నవాడి మొహంలోనే! చిన్నప్పుడు విసుక్కున్న పాఠం... అనీష్ పాకి, భార్యనీ కూతుర్నీ నేలకి లాగి పైన పడ్డాడు.

ఢాం!!

బారెల్ అరటితొక్కలా విచ్చుకుంది. ఉమాకాంత్ కుడిచెయ్యి మోచేతి దాకా మాయం! పొగలోంచి... కొమ్ములు! నూరు లేళ్లు!

"లొంగండి! నేను మీ యజమానిని!"

"వేటాడిన ప్రతిసారీ దండం పెట్టి క్షమించమన్నానయ్యా వాటిని," అన్నాడు శేషగిరి. "నీకెందుకు లొంగుతాయి?"

కొమ్ములు దిగాయి... పేగులు తోరణాలయ్యాయి... కేక సగంలో తెగింది! మిగిలింది పిడికెడు బూడిద.

దమయంతి కళ్లలోకి నల్లగుడ్లు తిరిగొచ్చాయి. బయట సైరన్. పారామెడిక్‌లు పరుగున వచ్చారు. "స్ట్రోక్ పేషెంట్ ఎవరు?"

"స్ట్రోకా?" దమయంతి తెల్లబోయింది. "నేనన్నది స్టాక్ అండీ!"

తుపాకీ అంటేనే ఆమడ దూరం పోయే వేద వంగి, చీలిన వాల్‌నట్ చెక్కని రెండు చేతుల్తో ఎత్తి అందరికీ చూపించింది.

"ఇదే... స్టాక్. మా తాతది." ఆయన వైపు తిరిగింది. "నూనె ఎక్కడుంది, తాతా?"