గుర్వయ్య లాక్కున్న నవల

కట్టంగూర్‌లో పొద్దెక్కుతోంది. గుర్వయ్య ఇంట్లో పొయ్యి మీద గటక ఉడుకుతోంది. అతని భార్య బాలనర్సమ్మ తెడ్డు తిప్పుతూ కోడలిని పిలిచింది.

"చదువు బిడ్డా. నిన్న యాడ ఆపినవ్?"

కౌసల్య గడప పక్కన కూర్చుని నవల తెరిచింది. ఆమెకు చదువు నేర్పింది భర్త ఐలేశం. సంఘంలో చేరి దళంతో వెళ్లిపోయే ముందు నాలుగు నవలలు తెచ్చిచ్చాడు. నాలుగూ ఆడవాళ్లు రాసినవే. రెండు పాత రాణుల కథలు, రెండు హత్య కథలు. రజాకార్ల కాలంలో వాటిని గడ్డివాములో దాచారు. పోలీస్ యాక్షన్ అయి రజాకార్లు పోయారు గానీ, ఇప్పుడు మిలిటరీ సంఘం వాళ్ల కోసం గుట్టలు గాలిస్తోంది. ఐలేశం ఇల్లు చేరలేదు. వానాకాలం నుంచి కబురైనా లేదు.

రాణుల కథల్లో యుద్ధం వస్తే బాలనర్సమ్మకు కునుకొచ్చేది. హత్య కథంటే మాత్రం ప్రాణం. "ఆడామె గింత గుండెతోని ఎట్ల రాసిందో!" అనేది. ఖూనీ చేసిందెవరో ముందే చెప్పేసి, తప్పయితే రాసినామెనే తిట్టేది. కొడుకు మీది బెంగ ఆ కాసేపే మరిచేది.

కౌసల్య చదివింది: "బావిలోంచి తీసిన శవాన్ని ఊరంతా చూసింది. అది ఎవరిదో ఎవరూ గుర్తుపట్టలేదు..."

"అబద్ధం!" అంది బాలనర్సమ్మ. "కన్నోళ్లుంటే గుర్తుపట్టరా?"

గొర్ల దొడ్డి నుంచి అప్పుడే వచ్చిన గుర్వయ్య ఆ మాట విన్నాడు. కోడలి చేతిలోంచి పుస్తకం లాక్కుని పొయ్యిలో వేయబోయాడు. కౌసల్య చెయ్యి పట్టుకుంది.

"మామా, ఆయన తెచ్చిచ్చింది! వచ్చినంక అడిగితే ఏం చెప్పాలె?"

"అడగడు! ఇగ వాడు అడగడు బిడ్డా!"

పుస్తకం కింద పడింది. గుర్వయ్య గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

"నెల కింద మిలిట్రోళ్లు నన్ను తీస్కపోలే? గుట్ట కింద మూడు పీనుగులను పండవెట్టిండ్రు. నడిమిట్ల మనోడు. వీడెవడని అడిగిండ్రు. నాకు తెల్వదన్న."

బాలనర్సమ్మ లేచి వచ్చి అతని గుండెల మీద రెండు చేతులా కొట్టింది.

"కన్నకొడుకును తెల్వదన్నవా? నోరెట్లొచ్చింది నీకు?"

"ఔనంటే మిమ్ముల క్యాంపుకు గుంజుకపోతరని భయమైంది. మట్టి గూడ ఎయ్యకుండ వచ్చిన."

ఈ నెల రోజులూ తాను కథ మొదలుపెట్టగానే మామ దొడ్డికి ఎందుకు పోయేవాడో కౌసల్యకు అర్థమైంది. పుస్తకాలంటే పడదనుకుంది. ఎన్నిసార్లో లోపల తిట్టుకుంది కూడా. ఆమె మామ ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"ముఖం... ముఖం మీద దెబ్బలున్నయా మామా?"

"లేవు బిడ్డా. పండుకున్నట్టే ఉండె."

అది నిజమేనా అని ఆమె అడగలేదు. ఆయన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. బాలనర్సమ్మ కొట్టడం ఆపి, కొంగుతో భర్త ముఖం తుడిచింది.

"నెల్రోజులు ఒక్కనివే ఎట్ల మోసినవయ్యా?"

ఆమెకు ఏడుపు పొంగుకొచ్చింది. బయట వీధిలో మనుషులు తిరుగుతున్నారు. గుర్వయ్య లేచి తలుపు దగ్గరగా వేశాడు. ఏడుపు వినబడితే చనిపోయిందెవరని అడుగుతారు. ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని, కొంగులు, కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చారు.