వెనక మేడం

మా మిద్దెమీది గదికి ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉంది. ఎండ నేరుగా పడదు, వెలుతురు మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకేలా ఉంటుంది. బొమ్మలు వేసేవాళ్లకు అంతకంటే ఏం కావాలి? ప్రైవేటు బడిలో పదకొండేళ్లు డ్రాయింగు టీచరుగా చేశాను. ఆ పోస్టే తీసేశామని వాళ్లు చెప్పిన రోజు ఇంటికొచ్చి ఆ కిటికీ దగ్గరే నిలబడ్డాను. అప్పట్లో ఆ గది నిండా కాలిపోయిన మోటార్లు, రాగితీగ చుట్టలు. మా ఆయన ఓబుళేసు బోరు మోటార్లకు వైండింగు చేస్తాడు. అనంతపురం చుట్టుపక్కల నీళ్లు ఎంత లోతుకు పోతే ఆయనకు అంత పని.

"నీ సామాను కిందికి దించుకో. ఈడ నేను క్లాసులు పెట్టుకుంటా," అన్నాను.

"పెట్టుకోమ్మే. ఎవురొద్దన్నారు?" అన్నాడు.

గోడలకు తెల్లసున్నం కొట్టించాం. పిల్లలు కింద కూర్చుని వేసుకోవడానికి ఏటవాలు పలకలు చేయించాను. కుళాయి మూడు రోజులకొకసారి వస్తుంది కాబట్టి, కుంచెలు కడుక్కోను మూలన ఒక నీళ్ల డ్రమ్ము. ఇక బొమ్మ నిలబెట్టి వేసుకునే ఈజిల్ ఒక్కటే తక్కువ.

ఒకరోజు బెళుగుప్ప దగ్గర యేసన్న చేలో మోటారు దించడానికి పోయిన ఓబుళేసు, తిరిగొచ్చేటప్పుడు ఆటోమీద ఒక ఈజిల్ కట్టుకొచ్చాడు. టేకుది. కాళ్లమీద ఎండిపోయిన రంగులు.

"సారాదంట. మీ ఇంటామె సారా స్నేహితురాలు గదా, ఆయమ్మ దగ్గరుంటే చాలప్పా అని సారా మొగుడు యేసన్న ఊరికే ఇచ్చినాడు."

నేను మొహం తిప్పుకున్నాను. ఓబుళేసు అది ఏడుపనుకున్నాడు.

సారా, నేను డ్రాయింగు హయ్యర్ పరీక్షకు ఒకే బెంచీలో కూర్చుని నేర్చుకున్నాం. మా రామదాసు మాస్టారు సారా కాగితాన్ని తలుపు దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురులో పట్టుకుని అందరికీ చూపించేవాడు. నాది మాట్లాడకుండా బెంచీమీద పెట్టేసేవాడు. సారాకు గర్వం లేదు. అదే నాకు ఇంకా మంట. "తేలిగ్గా పట్టుకో హేమా, కుంచె యాడికీ పారిపోదు," అని నవ్వుతూ చెప్పేది. రెండేళ్ల కింద కామెర్లతో పోయింది. సమాధి దగ్గర నేనూ ఏడ్చాను. కానీ తిరిగొచ్చే బస్సులో నాకొక మాట తోచింది... ఇక మిగిలింది నేనే కదా, అని. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

వేసవి సెలవుల్లో తొమ్మిది మంది పిల్లలు చేరారు. ఈజిల్‌ను గది వెనక గోడ దగ్గర, ఒక ఖాళీ కాన్వాసు గుడ్డతో పెట్టాను. నేను ముందు నిలబడి చెప్పేదాన్ని.

రెండో వారంలో సిమ్రాన్ ఒక మేకను వేసింది. పదేళ్ల పిల్ల. తండ్రి హుస్సేన్ బాషా ఆటోలకు నంబరు ప్లేట్లు రాస్తాడు. ఆ మేక నీడను ఊదా రంగులో తేల్చింది. నేను చూస్తూ ఉండిపోయాను.

"నీడకు నలుపు ఎయ్యలేదేం?"

"నీడ నల్లగా ఉండదు మేడం. దాంట్లో ఆకాశం ఉంటాది."

అది సారా మాట. అచ్చంగా సారా మాట.

"ఎవురు చెప్పినారు నీకు?"

"వెనక మేడం."

మిగతా పిల్లలు కూడా తలలూపారు. ఆ మేడం ఈజిల్ పక్కన కూర్చుంటుందట. ఎవరికీ భయం లేదు. నాకు భయం వేసి ఉండాల్సింది. కానీ ముందుగా కడుపులో మండింది. చచ్చిపోయినాక కూడా నా పిల్లల్ని నాకు వదలవా?

ఈజిల్‌ను కిందికి దించి మోటార్ల పక్కన పెట్టించాను. ఆ వారమంతా పిల్లలు చప్పగా గీశారు. "వెనక మేడం రాదా?" అని అడిగారు. తల్లిదండ్రులు కూడా, పోయిన వారం బొమ్మలు బాగుండె మేడం, ఇప్పుడేమైంది అన్నారు. పళ్లు బిగించుకుని ఈజిల్‌ను మళ్లీ పైకి ఎక్కించాను. నేర్పేది ఆమె, పేరు నాకు. సరే అనుకున్నాను.

మే నెల చివర్లో ఒక సాయంత్రం, క్లాసు సగంలో ఉండగా దుమ్ముగాలి లేచింది. ఆకాశం ఇటుక పొడి రంగుకు తిరిగింది. తల్లిదండ్రులు హడావుడిగా వచ్చి పిల్లల్ని తీసుకుపోయారు. సిమ్రాన్ ఒక్కతే మిగిలింది. తలుపులు, కిటికీ బిగించాను. కరెంటు పోయింది.

చేతిని కళ్ల ముందు పెట్టుకున్నా కనపడలేదు. రేకులమీద ఇసుక రాలుతున్న చప్పుడు. ముక్కులో దుమ్ము వాసన. కాసేపటికి దుమ్ము వాసనలోంచి అవిసె నూనె, టర్పెంటైన్ వాసన తేలింది. నేను పిల్లలకు నీళ్ల రంగులే ఇస్తాను. ఆ గదిలో నూనె రంగులు లేవు.

"సిమ్రాన్, స్టూలు మీద కూర్చో. కొవ్వొత్తి తెస్తా."

బీరువా తడుముతున్నాను. వెనక నుంచి చప్పుడు. గుడ్డమీద కుంచె పోతున్న చప్పుడు. ఆగి... మళ్లీ.

"సిమ్రాన్... నువ్వేనా?"

"కాదు మేడం," గుసగుసగా అంది. "వెనక మేడం వచ్చినాది."

"ఏం చేస్తాంది?"

"నా బొమ్మ ఏస్తాంది. కదలొద్దంటాంది."

పిల్లను ఎత్తుకుని మెట్లు దిగాలి. అది నాకు తెలుసు. కానీ నా గదిలో, నా పిల్లను కూర్చోబెట్టుకుని, సారా బొమ్మ వేస్తోంది. ఆ చప్పుడు వైపు నడిచాను. చెయ్యి చాపాను. చీకట్లో, నా ఛాతీ ఎత్తున, కుంచె దొరికింది. గట్టిగా లాగాను.

రాలేదు.

నా వేళ్లమీద వేళ్లు పడ్డాయి. సన్నవి. చల్లవి. డ్రమ్ము అడుగున నీళ్లలా చల్లవి.

"తేలిగ్గా పట్టుకో హేమా..."

అదే గొంతు. చెవి పక్కనే. పట్టు వదులు చేశాను. నా చెయ్యి కదిలింది. నాది కాని తేలికతో, నాకెప్పుడూ రాని తేలికతో కదిలింది. భయం లేదని కాదు. ఉంది. కానీ సారాగా ఉండడం ఎట్లుంటుందో పదిహేడేళ్ల వయసు నుంచీ తెలుసుకోవాలని ఉండింది నాకు. ఆపమని అడగలేదు.

కరెంటు వచ్చింది. నా చేతిలో కుంచె. వెనక ఎవరూ లేరు. ఈజిల్ మీద సిమ్రాన్. గడ్డం కాస్త ఎడమకు ఎత్తి, ఎవరో పిలిస్తే చూస్తున్నట్టు. అంత మంచి బొమ్మ నా జీవితంలో నేను వేయలేదు. కింద గేటు దగ్గర హుస్సేన్ బాషా హారన్ కొట్టాడు. పిల్ల చెప్పులు కూడా వేసుకోకుండా దిగిపోయింది.

నేను బొమ్మ కింది మూలలో నా పేరు రాసుకున్నాను.

ఫోటో తీసి రామదాసు మాస్టారుకు పంపితే, ముసలాయన మరుసటి రోజు ఉదయమే మెట్లెక్కి వచ్చాడు. బొమ్మను కిటికీ వెలుతురు వైపు తిప్పుకుని చూశాడు.

"సారాను దాటేసినావు హేమా," అన్నాడు.

ఆ మాట ఇంకా చెవిలో ఉండగానే కింద హుస్సేన్ బాషా పిలిచాడు. "మేడం, ఒకసారి రాండి. రాత్రి నుంచి పాప కదల్లేదు."

వాళ్ల ఇంట్లో సిమ్రాన్ ట్రంకు పెట్టెమీద కూర్చుని ఉంది. గడ్డం కాస్త ఎడమకు ఎత్తి. తల్లి ఫాతిమాబీ చెంచాతో పెదాలకు నీళ్లు తడుపుతోంది. గడ్డంమీదుగా కారిపోతున్నాయి. డాక్టరు నరాల బలహీనత అన్నాడట. నేను పాప నోటి దగ్గర చెవి పెట్టాను. పెదాలు కదలకుండానే అంది:

"బొమ్మ ఇంకా అయిపోలేదంట మేడం... లేయొద్దంట."

ఇంటికి పరిగెత్తాను. ఏం చేయాలో ఆ క్షణానే తెలుసు. చాకు కూడా తీశాను. చించలేకపోయాను. సారాను దాటేసినావు, అన్నాడు కదా ఆయన. పూర్తి చేస్తే పిల్లా లేస్తుంది, బొమ్మా నాకు ఉంటుంది అనిపించింది. కంటిపాపల్లో మెరుపు చుక్కలు లేవు. తెల్లరంగు తీసుకుని ఎడమ కంట్లో ఒక చుక్క పెట్టాను.

ఫోను మోగింది.

"మేడం... పాప ఎడమ కన్ను రెప్ప కొట్టల్యా. అట్లే నిలబడిపోయినాది. మేడం..." హుస్సేన్ బాషా ఏడుస్తున్నాడు.

చాకు దించాను. నా పేరు మీదనుంచి మొదలుపెట్టి పైదాకా చీల్చాను. ముక్కలు చేసి, మిద్దెమీద కిరసనాయిలు పోసి కాల్చాను. నా ఏడుపు ఆ పిల్ల కోసమా, ఆ బొమ్మ కోసమా... పిల్ల కోసమేనని ఇప్పటికీ అబద్ధం చెప్పలేను.

మళ్లీ ఫోను. సిమ్రాన్ లేచి నీళ్లు తాగిందట.

స్నానం చేసి, చీర మార్చుకుని, సాయంత్రం చూడటానికి పోయాను. పిల్ల పళ్లెంలో పప్పన్నం కలుపుకుని తింటోంది. నేను వచ్చిపోయినాకే పాప లేచిందని ఫాతిమాబీ నా రెండు చేతులూ కళ్లకద్దుకుంది. నేను తలెత్తలేకపోయాను.

సిమ్రాన్ చెయ్యి కడుక్కొచ్చి నా పక్కన కూర్చుంది. నా కొంగు చివర పట్టుకుని, వేళ్లతో నలిపి చూసింది.

"మేడం, రెండో బొమ్మ ఎప్పుడు కాలుస్తారు?"

"రెండోదేంది?"

"బీరువా సందులో గోడకు తిప్పి పెట్టినాది గదా వెనక మేడం. దానికి మొహం ఇంకా ఎయ్యలేదు," అంది. "చీర మాత్రం ఇదే."

ఆ చీరను ఆ సాయంత్రమే మడత విప్పి, మొదటిసారి కట్టుకున్నాను.