పింగాణీ బిళ్ళ మీద నెవెంకా

"పాపం, ఇంత చిన్న వయసులోనే పోయావా" అన్నాడు యెర్నేయ్, సమాధిరాయి మీది బొమ్మతో.

"పోలేదు. నీళ్ళకి వెళ్ళాను" అంది వెనకనుంచి ఒక గొంతు.

అతను కెమెరాతో సహా తడిగడ్డిలో కూలబడ్డాడు. రాతికి అతికించిన పింగాణీ బిళ్ళలో ఉన్న మనిషే చేతిలో బకెట్టుతో ఎదురుగా నిలబడి ఉంది. నల్లకోటు, తలకు నల్లరుమాలు. రాతి మీద ఆమె పక్క బిళ్ళలో ఒక మీసాల మగమనిషి.

"మరి మీ ఫోటో ఇక్కడ ఎందుకుంది?"

"మా ఆయన రాదోయె పోయినప్పుడు పెట్టారు. మంచు మీద లారీ జారింది. మా టిమోక్ లోయ వైపు మొగుడి పక్కన పెళ్ళాం బొమ్మ కూడా అప్పుడే పెట్టేస్తారు. ఎప్పటికైనా రావలసినదాన్నే కదా. మీది స్లొవేనియా యాసలా ఉంది. అక్కడ పెట్టరా?"

"బతికున్నవాళ్ళని పెట్టరు."

"అదృష్టవంతులు. కాస్త జరగండి, మీ మోకాలు నా పూల మీద ఉంది."

జరిగాడు. తన పని చెప్పుకున్నాడు. దేశదేశాలు తిరిగి సమాధుల మీది మొహాలు ఫోటోలు తీస్తాడు. ఎరిగినవాళ్ళంతా పోయాక ఆ మొహం ఎవరిదవుతుంది అన్నది అతని ప్రశ్న. పట్నాల్లో ఆ ఫోటోలు గోడలకి వేలాడదీస్తారు, జనం వచ్చి చూస్తారు.

"ఆ ప్రశ్నకి జీతమిస్తారా?"

"అప్పుడప్పుడు."

"నన్ను మాత్రం ఆ గోడకెక్కించకండి. ఒకచోట చచ్చాను, చాలు."

ఆమె పేరు నెవెంకా. చచ్చానన్నప్పుడు ఆమె నవ్వలేదు. అతనే నవ్వి, సిగ్గుపడ్డాడు.

రెండు రోజులు ఉందామని వచ్చినవాడు రొట్టెల కొట్టు మీది గది అద్దెకు తీసుకుని ఉండిపోయాడు. సెప్టెంబరంతా వాన పడుతూనే ఉంది. ఆమె రాయి తుడవడానికి వచ్చే వేళకి అతను గొడుగు పట్టుకుని వచ్చేవాడు. "ఫోటోలు అయిపోలేదా?" అని ఆమె అడిగేది. "వెలుతురు బాలేదు" అనేవాడు. "ఈ ఊళ్ళో వెలుతురు వేసవిలోనే వస్తుంది" అనేది. ఎప్పుడో ఆ మాటల్లోంచి 'మీరు' జారిపోయింది.

ఒక సాయంత్రం శ్మశానం గేటు దగ్గర అడిగేశాడు. "నాతో వచ్చెయ్. పెళ్ళి చేసుకుందాం."

నెవెంకా చాలాసేపు చేతులు తుడుచుకుంది.

"రావాలనే ఉంది. అందుకే వద్దంటున్నా. నేను వెళితే ఆ బిళ్ళ పీకెయ్యాలి. కొడుకు రాతి మీద ఒక్కడే మిగిలితే మా అత్త తట్టుకోలేదు. ఆవిడకి ఆ కొడుకు తప్ప ఎవరూ లేరు. ఇప్పుడు ఆయనా లేడు, నేనే."

"ఒక బిళ్ళ కోసమా?"

"నువ్వు ఆ బిళ్ళల కోసమే ఊళ్ళు తిరుగుతున్నావు. నీకూ తెలియదా?"

అతను మర్నాటి బస్సుకి వెళ్ళిపోతానన్నాడు. ఆమె తల ఊపి, వానలోకి నడిచింది.

తెల్లవారాక పెట్టె సర్దుకుంటుంటే తలుపు చప్పుడైంది. నెవెంకా అత్త స్తోయాంకా. మంచి రుమాలు కట్టుకుని, రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది.

"ఫోటో తియ్యి బాబూ. బిళ్ళకి."

"ఒంట్లో బాగాలేదా అమ్మా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నా. తియ్యి."

"మీవారి రాయి ఎక్కడుంది?"

"వియన్నాలో. పనికని పోయాడు, అక్కడే ఇంకొకదాన్ని కట్టుకున్నాడు. ఆయన పక్కన ఆవిడ బొమ్మ ఉంది."

"మరి మీ బిళ్ళ?"

"మా రాదోయె పక్కన. అక్కడున్నది తీసేస్తే నాకు చోటొస్తుంది."

యెర్నేయ్ కెమెరా కిందికి దించాడు.

"అలా చూడకు. వాణ్ణి కన్నదాన్ని, పక్కనుండటానికి సిగ్గేంటి? నిన్న ఇంటికొచ్చినప్పటినుంచి నా కోడలు కడిగిన గిన్నెలే కడుగుతోంది. ఆ చప్పుడు నేను భరించలేను. దానికి చెప్పకు, ఒప్పుకోదు. ఊఁ, తియ్యి. కొంచెం కోపంగా తియ్యి. నవ్వితే వాడు నన్ను గుర్తుపట్టడు."

అతను తీశాడు. బస్సు వెళ్ళిపోయింది. పని మిగిలిందని నెవెంకాతో చెప్పాడు.

ఫోటో ఎక్కించిన బిళ్ళ బట్టీలో కాలి వచ్చేసరికి నవంబరు వచ్చింది. చనిపోయినవాళ్ళ శనివారం నాడు ఊరంతా రొట్టె, వైను, కొవ్వొత్తులు పట్టుకుని శ్మశానానికి వెళుతుంది. నెవెంకా వెళ్ళేసరికి రాళ్ళపనివాడు, అత్త, గొడుగుతో యెర్నేయ్ అప్పటికే అక్కడున్నారు. రాయి మీద ఆమె బిళ్ళ ఉన్నచోట కొత్త బిళ్ళలోంచి స్తోయాంకా కోపంగా చూస్తోంది.

"ఇదేంటి అత్తయ్యా?"

"నా కొడుకు పక్కన నేనుంటే నీకెందుకు ఏడుపు?"

"నన్ను గెంటేస్తున్నావా?"

"అవును. ఏం చేస్తావు?"

నెవెంకా ఆమె భుజం మీద తలపెట్టి ఏడ్చింది. ముసలామె కాసేపు ఓర్చుకుని, "కోటు తడుస్తోంది" అని విడిపించుకుంది. "వెళ్ళండి ఇద్దరూ. నా కొడుకుతో నాకు మాటలున్నాయి." రొట్టె తుంచి రాయి మీద పెట్టి, వాళ్ళకి వీపు తిప్పి కూర్చుంది.

ఇద్దరూ కొండ దిగారు. గొడుగు ఒకరికే సరిపోయేది.

"మీ ఊళ్ళో శ్మశానం మెరకలోనా, పల్లంలోనా?" అంది నెవెంకా.

యెర్నేయ్ ఆగిపోయాడు. "ఇన్ని ఊళ్ళు తిరిగాను. మా ఊరిది సరిగ్గా చూడనేలేదు."

"చూద్దాం పద" అంది ఆమె. "పల్లమైతే నేనొప్పుకోను. నాకు చెమ్మ పడదు."