మూల లూప్

అక్టోబరు పదకొండున, ఆన్సీ సరస్సు మీద తొమ్మిది వందల మీటర్ల ఎత్తులో, ఏజెంట్ ఒడీల్ షప్పా ఎగురుతున్న ప్యారాగ్లైడర్ ఒక పక్కకి ముడుచుకుపోయింది. ఆమె రిజర్వ్ ప్యారాచూట్ పిడి లాగింది. పిన్నులు ఊడాయి. ప్యారాచూట్ రాలేదు. ఆమె రెండు చేతులతో మళ్ళీ లాగింది. ఒడ్డున బెంచీల మీద కూర్చున్నవాళ్ళు అది చూశారు.

ప్రమాద నివేదిక ఒకటిన్నర పేజీ. రిజర్వ్ ఉన్న లోపలి సంచిని పిడితో కలిపే నాడాని మధ్య లూప్‌కి కట్టాలి. దాన్ని మూల లూప్‌కి కట్టారు. లాగినప్పుడు సంచి అడ్డం తిరిగి, హార్నెస్ అనే పట్టీల సీటు కింద ఇరుక్కుంది. అమర్చినవాడి పేరు హార్నెస్ జేబులోని చీటీ మీద ఉంది. లూకా బిబొలే.

లూకా కూడా ఏజెంటే. సరస్సు ఒడ్డున హార్నెస్‌లు బాగుచేసే చిన్న వర్క్‌షాప్ అతని మారువేషం. పదేళ్ళుగా వేసిన వేషం కావడంతో ఆ పని అతనికి నిజంగానే వచ్చింది. ఒడీల్ నాలుగేళ్ళు అతని జంట ఏజెంట్. అంతకు మించి అతను ఎవరికీ చెప్పలేదు.

ఏప్రిల్‌లో లియోన్ ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. చీఫ్ మదాం ఫొంతానెల్ ఫైలు తెరవకుండానే మొదలుపెట్టింది.

"మనం వేటాడుతున్న ముఠా ఇప్పుడు గురిపెట్టింది ప్రొఫెసర్ బస్త్యాఁ రొషే మీద. గణితం. సోమవారం జెనీవాలో, మూడు దేశాల వాళ్ళ ముందు, ఆ ముఠా సంకేత భాష మొత్తం విప్పి చూపిస్తాడు. ఒక్క కాగితం కూడా రాసిపెట్టలేదు. అంతా ఆయన తలలోనే ఉంది."

"అంటే ఆ తల సోమవారం దాకా ఉండాలి."

"జోకులకి మనసొప్పుతోందా నీకు?"

"లేదు మేడమ్. అలవాటు."

"నదేజ్ ఇచ్చిన సమాచారం ప్రకారం సోమవారం జెనీవా హోటల్లో విషం పెడతారు. మనవాళ్ళంతా అక్కడ ఉంటారు. నువ్వు ఆదివారం దాకా ఆయన్ని చూసుకో. మీ ప్యారాగ్లైడింగ్ క్లబ్బు మనిషే కదా. నీకు తోడుగా ఇద్దర్ని పంపుతాను."

నదేజ్ కోర్వాఁ ఆ ముఠాకి ఏజెంటు. రెండేళ్ళుగా లియోన్ ఆఫీసుకీ ఏజెంటే. క్లబ్బులో ఇన్‌స్ట్రక్టర్. ఆమె హెల్మెట్ తీసి జుట్టు విదిలిస్తే కింద మైదానంలో దిగేవాళ్ళు దారి తప్పుతారని అక్కడొక సామెత.

లూకా లేవలేదు. "ఒడీల్‌ది హత్యా, ప్రమాదమా? ఏమైనా తేలిందా?"

"నువ్వే చెప్పాలి. ఏ లూప్‌కి కట్టావు?"

"మధ్య లూప్‌కే కట్టాననుకుంటున్నాను. ఆరు నెలలుగా రోజూ అనుకుంటున్నాను."

"ఎవరో తర్వాత మార్చి ఉండొచ్చు. ఆ ముఠావాళ్ళే అయితే మళ్ళీ అదే పని చేస్తారు. అప్పుడు నీకు తెలుస్తుంది." ఫొంతానెల్ అతని ముఖం చూడకుండా చెప్పింది. "అందుకే ఈ పని నీకిచ్చాను."

శనివారం క్లబ్బువాళ్ళంతా స్కూలు జిమ్‌లో చేరారు. శీతాకాలమంతా మడతల్లో నలిగిన రిజర్వ్‌లు తెరిచి, గాలి పట్టించి, మళ్ళీ మడిచి హార్నెస్‌లలో పెట్టే రోజు అది. నేలంతా తెల్లటి గుడ్డ. అందరూ మోకాళ్ళ మీద. రబ్బరు బ్యాండ్ల కోసం, సాసేజ్ ముక్కల కోసం అరుపులు.

లూకా రొషే హార్నెస్ తీసుకున్నాడు. మడతలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. తాళ్ళు ఎనిమిది అంకె ఆకారంలో చుట్టాడు. పిడి నాడాని లోపలి సంచి మధ్య లూప్‌లోంచి దూర్చి, ముడి బిగించి, వేలితో తడిమి, మళ్ళీ తడిమాడు. సంచిని సీటు కింది అరలో పెట్టి, నాలుగు మూతలు మూసి, పిన్నులు గుచ్చాడు.

"రండి ప్రొఫెసర్ గారూ, వేలాడాలి."

"ఒరే అబ్బాయ్, మళ్ళీనా! బల్ల మీద పెట్టి లాగి చూడు, చాలదూ?"

"బల్ల మీద అన్నీ వస్తాయి. మనిషి కూర్చున్నాక రావాలి."

అందరికీ తెలిసిన సంగతే అది. అందరూ దాటేసే సంగతీ అదే. వేలాడి లాగితే రిజర్వ్ ఊడి కింద పడుతుంది. మళ్ళీ గంటసేపు మడవాలి. కిందటి అక్టోబరులో ఒడీల్ హార్నెస్‌ని లూకా బల్ల మీదే లాగి చూశాడు. చక్కగా వచ్చింది. ఆ రోజు ఎండ బాగుంది. ఆమె తొందరపడుతోంది.

రొషేని హార్నెస్‌తో సహా దూలానికి వేలాడదీశారు. "పంది హామ్ ఎండిందా?" అని ఎవరో అరిచారు. "ఇంకో రెండేళ్ళు వేలాడనీ, కొవ్వు కరగాలి!" అని ఇంకొకరు. రొషే కాళ్ళు ఆడిస్తూ పిడి లాగాడు. సంచి బాణంలా వచ్చింది. చప్పట్లు. లూకా మళ్ళీ గంటసేపు మడిచి, అదే లూప్‌కి కట్టి, మళ్ళీ వేలాడదీయకుండానే మూసేశాడు. ఎవరైనా అంతే చేస్తారు. లేకపోతే ఆ పనికి అంతు ఉండదు. చీటీ మీద తన పేరు రాశాడు.

నదేజ్ గ్లాసు అందించింది. "ఏమోయ్, ఆ ముడిని అన్నిసార్లు తడిమావేం?"

"అలవాటు."

"కొత్త అలవాటా?" ఆమె నవ్వలేదు. "తాగు. తగ్గుతుంది."

ఆదివారం పొద్దున పదింటికి ఫొర్‌క్లా కనుమ మీద పచ్చిక ఇంకా తడిగా ఉంది. రెస్టారెంట్ గోడ దగ్గర వృద్ధ దంపతులు జున్ను కోసుకుంటున్నారు. లూకా వాళ్ళ పక్కనుంచి నడిచాడు.

"ఇవాళ మేకలు ఆలస్యంగా ఎక్కుతున్నాయి," అన్నాడు ముసలాయన.

"గంట పోయిందేమో," అన్నాడు లూకా. కోడ్ సరిపోయింది. ఫొంతానెల్ పంపిన ఇద్దరూ వీళ్ళే. ముసలావిడ చెంపల మీద గడ్డం గీసిన నీలి నీడ కనబడుతోంది. లియోన్‌లో మేకప్ మనిషిని మార్చాలి అనుకున్నాడు.

రొషే అప్పటికే ప్యారాగ్లైడర్ పరిచి నిలబడ్డాడు. నదేజ్ పది అడుగుల దూరంలో, చేతిలో రేడియోతో ఉంది.

"చూడండి, పిన్నులు ఒకసారి చూస్తాను," అన్నాడు లూకా. పిన్నులు సరిగ్గా ఉన్నాయి. చీటీ ఉంది. అతని పేరే.

"అన్నీ బాగానే ఉన్నాయిరా. నా పిడి కొంచెం వదులైందని నిన్న సాయంత్రం నదేజ్ బిగించింది. బంగారంలాంటి పిల్ల."

లూకా తల తిప్పి నదేజ్ వైపు చూశాడు. ఆమె గాలి దిశ చూపే గుడ్డ గొట్టం వైపు చూస్తోంది.

"విప్పండి. తెరిచి చూడాలి."

"తెరిస్తే మళ్ళీ గంట! పన్నెండుకి దక్షిణపు గాలి దిగుతుంది, ఇక ఎగరలేం. రేపట్నుంచి మీటింగులు. నిన్న నన్ను అంతమంది ముందు హామ్‌లా వేలాడదీశావు, చాల్లే." ఆయన రెండడుగులు వెనక్కి వేసి, మొండిగా పరుగు మొదలుపెట్టాడు.

ప్యారాగ్లైడర్ పైకి లేచింది. నేల మీద లాగితే లాభం లేదని లూకాకి తెలుసు. బరువు సీటు మీద పడాలి. అతను పక్కనే పరిగెత్తాడు. ఒకటి, రెండు, మూడు. రొషే బూట్లు గడ్డిని వదిలాయి. ఆయన సీట్లోకి ఒరిగాడు. లూకా ఎగిరి పిడి పట్టుకుని లాగాడు.

పిన్నులు ఊడాయి. సంచి రాలేదు.

అతను పిడి వదల్లేదు. ఇద్దరి బరువుకి ప్యారాగ్లైడర్ వంగింది. కొండ అంచుకి రెండు గజాల ఇవతల ముగ్గురు మనుషులంత చప్పుడుతో నేలకి కొట్టుకున్నారు. లూకా భుజంలో ఏదో విరిగింది.

రొషే బూతులు తిడుతున్నాడు. బతికున్నవాడి బూతులు. లూకా ఒంటిచేత్తో సీటు కింది మూతలు తీశాడు. నాడా మూల లూప్‌కి కట్టి ఉంది. కుడి భుజం పట్టీ కుట్టులో అగ్గిపెట్టెంత కట్టర్ కూడా దొరికింది. నదేజ్ రేడియోలో ఒక మీట నొక్కితే సరస్సు మీద ఆ పట్టీ తెగేది. ఆ తర్వాత ఆయన రిజర్వ్ లాగేవాడు. నివేదిక ఒకటిన్నర పేజీ వచ్చేది, అదే పేరుతో. జెనీవా విషం కబురు మనుషుల్ని అటు మళ్ళించడానికే.

నదేజ్ రెండడుగులు వేసేలోపు ముసలి దంపతులు ఆమె చెరో చెయ్యీ పట్టుకున్నారు. రేడియో గడ్డిలో పడింది.

మూల లూప్. వాళ్ళ పద్ధతి. లూకా గడ్డిలో వెల్లకిలా పడుకుని ఆకాశం చూశాడు. భుజం మండుతోంది. అయినా ఆరు నెలల్లో మొదటిసారి ఊపిరి అడుగుదాకా వెళ్ళింది. వాళ్ళే. తను కాదు.

లేచి కారు దాకా నడిచాడు. నదేజ్ వెనక సీట్లో ఉంది. చేతులకి సంకెళ్ళు.

"ఒడీల్‌ది కూడా ఇలాగే మార్చారు కదూ?"

నదేజ్ అతని వైపు తిరిగింది. అబద్ధం చెప్పడానికి ఆమెకి అన్ని విధాలా వీలుంది. ఆ పని ఆమెకి బాగా వచ్చు.

"లేదు లూకా."

"చెప్పు. ఇప్పుడు నీకు పోయేదేముంది?"

"ఏమీ లేదు. అందుకే చెబుతున్నాను. ఒడీల్ ఆ రోజు క్షేమంగా దిగాలి, అదే మాకు కావలసింది. ఆమె జేబులో మేము చేరవేసిన దొంగ పేర్ల జాబితా ఉంది. అది మీ ఆఫీసుకి చేరడానికే ఏడాది పని చేశాం. అంతా సరస్సులో మునిగింది."

"మరి ఈ లూప్?"

"ప్రమాద నివేదిక అందరికీ పంపుతారు కదా, క్లబ్బు నోటీసు బోర్డు మీద కూడా పెట్టారు. మావాళ్ళు చదివారు. హత్యలా కనబడని పద్ధతి కోసం వెతుకుతున్నారు." ఆమె గొంతు తగ్గింది. "నీ దగ్గర నేర్చుకున్నాం."

కారు కదిలింది. మలుపులో దాని బ్రేకు లైట్లు ఒకసారి వెలిగి ఆరిపోయాయి.

ఒడీల్ జేబులో కాగితం ఉన్న సంగతి లూకాతో కలిపి ఆఫీసులో ముగ్గురికే తెలుసు. అది దొంగదని తడిసిన ఇంకును రెండు నెలలు పరీక్షించాక తేల్చారు. ఆ ఫలితం బయటికి పొక్కలేదు, ఇక దాన్ని రాసినవాళ్ళకే తెలియాలి. కాబట్టి నదేజ్ చెప్పింది నిజమే. లూకా దాన్ని మూడు వైపులనుంచి పరీక్షించి చూశాడు, ముడిని తడిమినట్టు. ఎక్కడా వదులు లేదు.

రొషే దూరంగా కూర్చుని ఎవరో ఇచ్చిన జున్ను తింటున్నాడు. రేపు జెనీవాలో ఆయన మాట్లాడతాడు. ఒక ముఠా మొత్తం పోతుంది. చాలామంది తమకి ఏం తప్పిందో తెలియకుండానే బతుకుతారు.

ఫోను మోగింది.

"అభినందనలు," అంది ఫొంతానెల్. "నీ అనుమానం తీరిందా?"

"తీరింది మేడమ్."

ఫొంతానెల్ ఎటు తీరిందని అడగలేదు. ఆమె కూడా ఆ ఉద్యోగంలో చాలాకాలంగా ఉంది.

"నీకు పతకం వస్తుంది. మన రూల్స్ తెలుసుగా. అది మా బీరువాలోనే ఉంటుంది, ఎవరికీ చూపించడానికి వీల్లేదు."

"మంచిది," అన్నాడు లూకా. "నాకు కూడా చూపించకండి."