తూర్పు గేటు మీద చెయ్యి

ఈ సంగతి నాకు మొదట చెప్పింది రాఘవులు. న్యూజెర్సీలో మనవాళ్ళెక్కువుండే ఐసెలిన్‌లో టీ తాగుతా చెప్పాడు. మాట పడ్డవాడి నోటి నుంచే విన్నాడాయన. తరవాత రామమోహన్ అక్కడి తెలుగు సంఘం భోజనాల్లో దీన్నే నవ్వులాటగా తిప్పి చెప్పాడు. ఆ నవ్వు నేను మర్చిపోలా. అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తన్నా.

ఊరి అవతల పాత రాతి మేడ ఒకటి, అందులో ప్రైవేట్ మ్యూజియం. పైన చైనా పటాల గదికి చెడ్డపేరు. చలికాలం అర్ధరాత్రి దాటితే లోపల ఇటుకలు కూలుతున్న చప్పుడు... ముగ్గురు నైట్ గార్డులు వరసగా మానేశారు.

నాలుగోవాడు కోటయ్య. 2009 జనవరి. గ్యాస్ స్టేషన్‌లో పని పోయి అప్పటికి నాలుగు నెలలు. ఇదీ పోతే ఇంట్లో తలెత్తుకోలేడు.

అక్కడ పనిచేసే సుధ, మన పిల్లే, పటం చూపించింది. ఎనిమిదడుగుల కాయితం. చేత్తో రంగులేసిన కోట పట్నం, తియాన్‌జిన్. చుట్టూ గోడ, నాలుగు గేట్లు. గేటు గేటుకీ ఒక పరాయి దేశం జెండా.

“ఈ గోడ ఇప్పుడుందా అమ్మా?”

“లేదంకుల్. ఊరిని పట్టుకున్న సైన్యాలే పడగొట్టించాయి. హండ్రెడ్ ఇయర్స్ దాటింది.”

“జనం ఏరీ?”

“వెయ్యలేదు. జెండాలు, ఇళ్ళు... అంతే.”

బల్ల చాలక పటాన్ని నేల మీదే ప్లాస్టిక్ షీట్ పరిచి ఉంచింది. “లోపలికి వెళ్ళకండి అంకుల్, బయట నుంచి చూస్తే చాలు” అని చెప్పి పోయింది.

రాత్రి ఒంటిగంట.

దబ్...

కోటయ్య కుర్చీలోంచి లేచాడు.

దబ్... దబ్... ఇటుక మీద ఇటుక.

పారిపోతే నాలుగోవాడు కూడా పోయాడంటారు. తలుపు తీశాడు. టార్చి వేశాడు. ఓ అడుగు వేశాడు, ఇంకో అడుగు — బూటు కింద కాయితం నలిగింది.

అయ్యో!

కాలికి కాయితం తగిలితే మనం ఏం చేస్తాం? ఆలోచిస్తామా? గభాల్న వంగి, మూడు వేళ్ళతో పటాన్ని తాకి, కళ్ళకద్దుకున్నాడు.

వేళ్ళు తడి... ఎరుపు.

నెత్తురనుకున్నాడు. మెడ మీద చల్లగా ఓ చుక్క పడింది. పైకి చూశాడు. కప్పులో హీటర్ పైపు పగిలి కారుతోంది. దబ్ దబ్ అని కొట్టుకునేదీ ఆ పైపే! తడిసి ఊడొచ్చింది తూర్పు గేటు మీది ఎర్ర రంగు.

సుధకి ఫోన్ చేశాడు. “తల్లీ... పటం తడుస్తోంది.”

“ముట్టుకోవద్దంకుల్!”

“ముట్టుకున్నా.”

“సరే, ఎత్తకండి! షీట్‌తో సహా మెల్లగా అవతలి గోడకి లాగండి.”

లాగాడు. పటం బతికింది.

తెల్లారి మ్యూజియం పెద్ద దొర వచ్చి తూర్పు గేటు మీద చేతి మరక చూశాడు. కోటయ్య కళ్ళ మీద ఎర్ర రంగూ చూశాడు. పైపు మాట వినిపించుకోలేదు. గార్డు చేత్తో పాడుచేశాడని మ్యూజియం రికార్డు పుస్తకంలో రాసి, ఆ పూటే పంపించేశాడు.

కోటయ్య జాకెట్ తీసుకుంటుంటే సుధ పరుగెత్తుకొచ్చింది. మొహంలో రంగు లేదు.

“అంకుల్, ఏ చేత్తో ముట్టుకున్నారు?”

“కుడి చేత్తో. మూడు వేళ్ళు.”

ఆ పిల్ల వెనక్కి తిరిగి గది వైపు చూసింది. తరవాత గుసగుసగా అంది —

“పటం మీద ఐదున్నాయి. ఎడమ చెయ్యి. మీ చేతిలో సగం కూడా లేదు... వేళ్ళు బయటికి చూస్తున్నాయంకుల్. ఎవరో లోపల్నించి గేటు తోస్తున్నట్టు.”

ఆ పుస్తకంలో ఇప్పటికీ కోటయ్య పేరే ఉంది. న్యూజెర్సీలో ఉన్న మనవాళ్ళెవరైనా కోటయ్యని వెంటబెట్టుకుని వెళ్ళండి. ఆ మరక పక్కన ఆయన చెయ్యి పెట్టి దొరకి చూపించండి. ఆ పేరు కొట్టేయించండి.