మునిశామప్ప ఇంటి వీధి తలుపు

గూళూరులో మునిశామప్ప ఇంటికి పోవాలంటే పక్కసందులోకి తిరిగి, పశువుల కొట్టం దాటి, పెరటి వాకిలి నుంచి పోవాలి. చుట్టాలైనా అంతే, కరెంటు బిల్లు తెచ్చేవాడైనా అంతే. వీధి వైపు నిలువెత్తు తలుపు ఉంది కదా, దర్జాగా దాన్నే తట్టవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. అనిపించినా తట్టకండి.

ఆ తలుపు తెరిచి నూట పదేళ్ళు దాటింది. దాని మీద సున్నంతో రెండే మాటలు రాసి ఉంటాయి — "రేపు రా". ప్రతి అమావాస్యకూ ఆ రాతను దిద్దుతారు. పొద్దు గూకితే ఆ తలుపు ముందరి జగలి అరుగు మీద కుక్క కూడా పడుకోదు. బాగేపల్లి నుంచి ఆఖరి బస్సులో దిగినవాళ్ళు ఆ ఇల్లు వచ్చేసరికి వీధికి అటుపక్కకు జరిగి, మాటలు ఆపి నడుస్తారు. పగలంతా మూఢనమ్మకాల మీద పాఠం చెప్పిన మేష్టరు కూడా అక్కడ కాస్త తొందరగానే నడుస్తాడు.

కథ ఇలా చెప్తారు.

మునిశామప్ప కూతురు అక్కయమ్మ. పాతికేళ్ళకే మొగుడు పోతే, చౌడమ్మ అనే ఒక్క ఆడబిడ్డను చంకనేసుకుని పుట్టింటికి వచ్చింది. వరుసగా వానలు లేక గింజ దొరకని కాలమది. బిడ్డను తండ్రి దగ్గర వదిలి, బెంగళూరు దండులో, తెల్ల సిపాయిలుండే పేటలో, ఒక దొరసాని పిల్లలను ఎత్తుకునే ఆయాగా కుదిరింది. ఆ దొరసాని ఇంగ్లండుకు పోతూ ఈమెను కూడా వెంటబెట్టుకుని పోయింది. అక్కడితో ఆగిందా? అక్కడి నుంచి అమెరికాకు ఇంకో ఓడ. ఊరంత ఓడ అని గూళూరులో ఇప్పటికీ చేతులు చాచి చూపిస్తారు, చూపించేవాళ్ళలో సముద్రం చూసినవాళ్ళు ఒక్కరూ లేకపోయినా.

ఆ ఓడ నడిసముద్రంలో మునిగిపోయింది. కబురు నెలలు తిరిగి తిరిగి బాగేపల్లి తాలూకా కచేరీకి వచ్చింది. టికెట్టు తీసుకున్నవాళ్ళ పట్టీలో అక్కయమ్మ పేరుంది, బతికి బయటపడినవాళ్ళ పట్టీలో లేదు.

శవం లేదు. శవం లేనివాళ్ళకు చేసే పద్ధతి ఉంది కదా — దర్భలతో మనిషంత బొమ్మ కట్టి, దానికి అక్కయమ్మ చీర చుట్టి, ఊరి బయట కాల్చారు. తొమ్మిదేళ్ళ చౌడమ్మ నిలబడి చూసింది. పదకొండో దినం ఊరికి అన్నం పెట్టారు. అంతటితో అక్కయమ్మ చచ్చిపోయింది.

ఆ తర్వాత వచ్చిన ఉగాది అయిన పదో దినం. రాత్రి ఊరంతా మాటు మణిగాక... ఆ వీధి తలుపు చప్పుడైంది.

"చౌడీ... నేనే..."

అచ్చం అక్కయమ్మ గొంతు.

చచ్చినవాళ్ళు అయినవాళ్ళ గొంతుతోనే పిలుస్తారని, పలికితే పలికినవాళ్ళను వెంట తీసుకుపోతారని ఆ పక్కన అందరికీ తెలుసు. అందుకే రాత్రిపూట మూడుసార్లు పిలిస్తే తప్ప పలకరు. దెయ్యం రెండుసార్లే పిలుస్తుందట. ఇది మూడోసారీ పిలిచింది. అయినా దర్భబొమ్మను తమ చేత్తో కాల్చినవాళ్ళకు ఆ లెక్క గుర్తుకు రాలేదు. లోపలి నుంచి ఒక్క మాట చెప్పారు — "రేపు రా."

దెయ్యాన్ని పొమ్మంటే పోదు. రేపు రమ్మంటే పోతుంది. మరునాడు వచ్చినా మళ్ళీ రేపే కదా, అట్లా ఎన్నాళ్ళైనా జరపవచ్చని పెద్దల ఉపాయం.

పోయింది. మరునాటి రాత్రి వచ్చింది. రేపు రా. మూడో రాత్రీ వచ్చింది. రేపు రా. నాలుగో దినం మునిశామప్ప ఆ మాటను సున్నంతో తలుపు మీదే రాయించాడు. ఆ రాత్రి కూడా వచ్చింది... చాలాసేపు నిలబడింది... పోయింది. మళ్ళీ రాలేదు. రాతకు జడిసిందని ఊరు తీర్మానం చేసుకుంది.

ఇదీ ఊరి కథ. ఇప్పుడు లక్ష్మీదేవమ్మ సంగతి.

ఆమె చౌడమ్మ ఆఖరి కూతురు. ఎనభై నాలుగేళ్ళు. అది ఇల్లరికపు ఇల్లు కాబట్టి ఆ ఇంట్లోనే పుట్టి, మేనబావను చేసుకుని, ఆ ఇంట్లోనే ముసలిదైంది. రాతను దిద్దేది ఆమే. చెయ్యి వణికినా సున్నం గిన్నె ఇంకొకరికి ఇవ్వదు. కొడుకు అమరేశ్ ఆ తలుపు తీసేసి షట్టరు పెడితే మంచి అంగడి అవుతుందని ఏడాదికోసారి గొణుగుతాడు. ఆమె చెవిన వేసుకోదు. ముసల్దానికి పిరికి ఎక్కువ అని ఊళ్ళో నవ్వుకుంటారు.

పిరికి కాదు. ముప్పై ఆరేళ్ళ కింద చౌడమ్మ మంచం పట్టి, చచ్చిపోయే ముందు మూడు దినాలూ కూతురి చెయ్యి పట్టుకుని ఒకటే అడిగింది — అది దెయ్యమే కదా లచ్చిమీ, అని. దెయ్యమేనమ్మా అని ఈమె అడిగినప్పుడల్లా చెప్పింది. ఆ మాట విన్నాకనే తల్లి కండ్లు మూసింది. ఇచ్చిన మాట అది. అమావాస్య అమావాస్యకూ లక్ష్మీదేవమ్మ సున్నం పూసేది దెయ్యాన్ని రానివ్వకుండా ఉండడానికి కాదు, దెయ్యం దెయ్యంగానే ఉండడానికి. అది దెయ్యం కాకపోతే, మరి తన తల్లి ఏం చేసినట్టు?

మొన్న కార్తీక అమావాస్య.

కోడలు ఆశా తల్లికి ఒంట్లో బాగాలేదని అమరేశ్, ఆశా పొద్దున్నే చింతామణికి పోయారు. రాత్రికి రాలేమని చెప్పే పోయారు. మధ్యాహ్నం నీళ్ళ పైపులు వేసేవాళ్ళు పక్కసందును జేసీబీతో ఈ చివర నుంచి ఆ చివరికి తవ్వి, తవ్వింది తవ్వినట్టే వదిలేసి పోయారు. సాయంత్రం వాన పట్టుకుంది. ఆ గుంతంతా నీళ్ళు. వానతో పాటు కరెంటూ పోయింది. లక్ష్మీదేవమ్మ ఫోను చార్జి లేక ఎప్పుడో ఆరిపోయింది.

పొద్దున్నే రాత దిద్దేసింది కాబట్టి నిశ్చింతగా సంగటి తిని, నడవలో చాప పరుచుకుంది. బయట వాన సన్నగా పడుతోంది. దీపం కొండెక్కింది. లేచి వెలిగించే ఓపిక లేదు.

తట్... తట్.

ఎలుకేమో అనుకుంది.

తట్... తట్... తట్.

పెరటి వైపు కాదు. వీధి తలుపు.

ఆమె పుట్టాక ఆ తలుపును ఎవరన్నా తట్టడం అదే మొదలు. గూళూరు మనుషులు తట్టరు. బయటివాళ్ళకు ఈ వేళప్పుడు ఈ ఇంట్లో పనేముంది? ఊపిరి బిగబట్టి పడుకుంది. గుండె చప్పుడు తలుపు అవతలికి వినిపిస్తుందేమోనని చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అవ్వా..."

ఆడ గొంతు. సన్నగా, వానకు వణుకుతున్నట్టు.

"అవ్వా... నేనే..."

నేనే. ఆ మాటే. నూట పదేళ్ళ కింద ఆ తలుపు అవతల అన్న మాటే. లక్ష్మీదేవమ్మకు మూడో పిలుపు దాకా ఆగాలన్న తెలివి లేకపోయింది. పుట్టినప్పటి నుంచీ నోట్లో నానుతున్న మాట తనంతట తానే బయటపడింది.

"రేపు రా."

వాన చప్పుడు. ఇంకేం లేదు. వెళ్ళిపోయిందనుకుంది. అప్పుడు —

"రేపు ఆఫీసు ఉండాది అవ్వా."

దెయ్యాలకు ఆఫీసులుండవు. అమరేశ్ కూతురు మంజుశ్రీ. బెంగళూరులో పనిచేసే పిల్ల. ఫోను ఎంత చేసినా పోవడం లేదని, సందులో గుంత దాటలేక ఇటు వచ్చానని, తడిసి ముద్దయ్యానని తలుపు అవతలి నుంచి చెప్పింది. లక్ష్మీదేవమ్మకు ప్రాణం లేచివచ్చింది. లేచి వచ్చాక కోపం వచ్చింది. ఇంత రాత్రి చెప్పాపెట్టకుండా వస్తారా, ఆ జగలి ఎక్కుతారా అని చీకట్లో తడుముకుంటూ పోయి గడియ పట్టుకుంది.

గడియ కదల్లేదు. నూరేళ్ళ తుప్పు. వానకు తలుపు ఉబ్బి కూర్చుంది. పిల్ల బయట నుంచి తోసింది, ముసలిది లోపల నుంచి లాగింది. కాలేదు.

ఎదురింటికి పోయి మునికృష్ణప్పను లేపమని అవ్వ చెప్పింది. లేపుతాలే అవ్వా, ముందు నేను ఎందుకు వచ్చినానో విను, ఫోనులో చెప్పే మాట కాదు, అంది మంజుశ్రీ. జగలి మీదనే, తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. లోపల అవ్వ కూడా గడప పక్కన చతికిలబడింది. ఇద్దరి నడుమ జానెడు మందం కూడా లేని చెక్క.

మంజుశ్రీ కంపెనీకి పరదేశాల పాత కాగితాలు వస్తాయి. వాటిలోని చేతిరాతను చదివి కంప్యూటరులోకి ఎక్కించడం ఆ పిల్ల పని. ఈ మధ్య వచ్చినవి ఓడల్లో అమెరికాకు పోయినవాళ్ళ పట్టీలు. వేల పేర్లు. పదిహేను దినాల కింద ఊరి పేరు ఉండే గడిలో గూళూరు అని కనపడిందట. తిరగా మరగా రాసినా గూళూరే. ముందు గడిలో అక్కయమ్మ.

"మునిగిన ఓడ పట్టీనే అవ్వా. కానీ ఆమె పేరు మీద గీత కొట్టినారు. ఎక్కలేదని అర్థం. దొరసాని బిడ్డకు జొరమొచ్చి, ఆ బిడ్డతో పాటు ఆయాను రేవులోనే దించేసినారంట. పక్కనే రాసినారు."

బాగేపల్లికి వచ్చిన కబురు గీత కొట్టకముందటి పట్టీది.

లక్ష్మీదేవమ్మ మొండికేసింది. ఆ ఓడ కాకపోతే ఇంకో ఓడలో చచ్చి ఉంటుంది, చచ్చే వచ్చింది, అది దెయ్యమే అంది. ఆమె గొంతు వింటే పోట్లాడుతున్నట్టు లేదు, బతిమాలుతున్నట్టు ఉంది.

మంజుశ్రీ దగ్గర ఇంకో పట్టీ ఉంది. ఓడ మునిగిన మరుసటి సంవత్సరం సెప్టెంబరుది. అంటే ఆ ఉగాది రాత్రులు గడిచాక అయిదు నెలలకు. వేరే ఓడ, వేరే దొరసాని. ఫోను వెలుతురులో ఒక్కో గడీ చదివింది. అక్కయమ్మ. ఆయా. విధవ. ముప్పై రెండేళ్ళు. చదవను రాయను రాదు. ఆరోగ్యం బాగుంది.

"డాక్టరు కండ్లు చూసి, నాలిక చూసి రాస్తాడు అవ్వా. దెయ్యానికి రాయడు." పక్క గడికి పోయింది. "ఊర్లో నీ మనిషి ఎవరు అని అందరినీ అడుగుతారు. కూతురు చౌడమ్మ, గూళూరు అని చెప్పింది."

ముసలామె తలుపు మీద అరచెయ్యి పెట్టింది. ముప్పై ఆరేళ్ళుగా కాపాడుకొచ్చిన మాట ఆ చేతి కిందనే పడిపోయింది. చాలా దుఃఖం కలిగింది. తన కోసం కాదు, చచ్చిపోయిన తల్లి కోసం.

బతికే ఉంటే పగటిపూట ఎందుకు రాలేదు, నాలుగు రాత్రులు దొంగలా ఎందుకు వచ్చింది అని మంజుశ్రీ అడిగింది. అదొక్కటే తనకు అర్థం కాలేదంది.

"సముద్రం దాటినామె కదమ్మా. ఎవరెవరి చేతి కూడో తినింటుంది. కులంలో కలుపుకోరని భయం. పగలు ఎవరన్నా చూస్తే బిడ్డకు పెండ్లి కాదని... పగలంతా యాడ దాక్కునిందో ఏమో."

లోపలివాళ్ళు చచ్చినదానికి భయపడి తలుపు తీయలేదు. బయట ఉన్నామె, తనను వెలివేశారు కాబట్టి తీయలేదనుకుంది. నడుమ ఒక చెక్క.

మరి అంత తెలిసినామె మళ్ళీ మళ్ళీ ఎందుకు వచ్చిందని పిల్ల అడిగింది. ఆ జవాబు లక్ష్మీదేవమ్మ అంతవరకు ఎవరికీ చెప్పలేదు. తల్లి తనకు ఒక్కదానికే చెప్పింది.

"రేపు రా అన్నది మునిశామప్ప తాత కాదు మంజూ. పసిబిడ్డ మాటను దెయ్యం దాటదంట. అందుకని మా అమ్మను తలుపు ఎనకాల నిలబెట్టి చెప్పించినారు. బిడ్డే రమ్మంటే... ఏ తల్లి రాకుండా ఉంటుంది?"

బయట మంజుశ్రీ తలుపు వైపు తిరిగి కూర్చుంది.

"నాలుగో రేత్రి మా అమ్మ వంగి తలుపు కింద సందులో చూసె. తెల్లగా వెన్నెల. కాళ్ళు... ముందరికే ఉండె. దెయ్యానికి ఎనక్కి ఉంటాయి కదా. నడిచి నడిచి బొటనేలు పగిలి నెత్తురు కారతాండె. అమ్మేనని తెలిసిపోయె. ఎనకాల తాత, చెప్పు చెప్పు అని వీపు పొడస్తాండె. తొమ్మిదేండ్ల బిడ్డ... అమ్మా అనే దానికీ నోరు రాలే, రేపు రా అనే దానికీ నోరు రాలే. ఏమీ అనలే."

ఊపిరి తీసుకుంది.

"ఆ పొద్దు బిడ్డ రమ్మనలేదు. అందుకే పోయె."

ఊరు రాతకు జడిసిందనుకుంది. చదువు రాని మనిషికి ఏ రాతైనా ఒకటే.

వాన వెలిసింది. చూరు నుంచి నీటి చుక్కలు ఆగి ఆగి పడుతున్నాయి.

"ఏడవద్దు అవ్వా," అంది మంజుశ్రీ.

లక్ష్మీదేవమ్మ చెంపలు తడుముకుంది. పొడిగా ఉన్నాయి. నేను ఏడవలేదే అని చెప్పింది.

తలుపు కింద సందులోంచి ఫోను వెలుతురు సన్నగా లోపలికి పాకి, ఆరిపోయింది. తర్వాత, చెక్కకు నోరు ఆనించినట్టు, చాలా మెల్లగా —

"మరి ఆ పాప ఎవరవ్వా... నీ పక్కన? కిందనే కూర్చుని ఏడస్తాండాది."

భయం వేయాలి. వేయలేదు. లక్ష్మీదేవమ్మ చీకట్లోకి చెయ్యి చాచి, ఏమీ తగలకపోయినా, తల నిమిరినట్టు నిమిరింది.

"మా అమ్మ," అంది.