తొమ్మిదోవాడి ప్రశ్న

"మీ యంత్రం కళ్లు తెరిచే క్షణంలో కూడా దాని చెవిలో మేం ఏదీ ఊదం. అది అడిగే తొలి ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు మాకు లేదు."

సర్వర్లు అద్దెకిచ్చే కంపెనీ మా కార్మిక సంఘానికి రాసిచ్చిన మాట ఇది. నేను నమ్మాను. మంచి వాక్యం కనబడితే నమ్మేయడం నాకు మొదటి నుంచీ ఉన్న జబ్బు.

ఆ యంత్రంలో మేం దాచుకున్నవి గొంతులు. నూలు మిల్లులో బాయిలర్ పేలినప్పుడు బతికి బయటపడ్డవాళ్ల సాక్ష్యాలు. చనిపోయింది ఎనిమిది మందేనని యాజమాన్యం ప్రకటించింది. సాక్షులంతా తొమ్మిది మంది అన్నారు. ఆ తొమ్మిదోవాడు కాంట్రాక్టు కూలీ, ఆ పొద్దునే పనిలో చేరాడు. మా పిన్ని అప్పుడు ఆ మిల్లులోనే పనిచేసేది. ఇప్పటికీ అదే మాట చెబుతుంది. "మంచినీళ్లు అడిగాడురా, ఇచ్చాను. పేరేంటని అడిగేలోపే సైరన్ మోగింది."

మార్చి ఇరవైన విచారణ. ఆ గొంతులు పోతే అసలు అలాంటి మనిషే లేడని తేల్చేస్తారు.

విచారణకు కొన్నాళ్ల ముందు ఒక మధ్యాహ్నం ఆ యంత్రం తనంతట తానే ఆగి మళ్లీ మొదలైంది. మిల్లు వాళ్లు కంపెనీని కొనేశారనుకున్నాను. అదే కంపెనీలో పనిచేసే మా బావకి ఫోన్ చేశాను.

"రా, నీ కళ్లతోనే చూద్దువుగాని," అన్నాడు. "నినాదాలు మాత్రం గేటు దగ్గర వదిలేసి రా. లోపల ఏసీ ఉంది, అవి గడ్డకట్టేస్తాయి."

బయట ఎండ మండిపోతోంది. లోపల కిటికీ ఒక్కటీ లేదు. తెల్లటి లైట్లు, వరసగా నల్లటి బీరువాలు, వాటికి అద్దాల తలుపులు. వేల ఫ్యాన్ల హోరు ఒకే గొంతులా వినిపిస్తోంది. వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. నడుస్తుంటే నేల పలకల కింద ఎక్కడో గాలి ఈల వేస్తోంది.

మా సంఘానికి విడిగా ఇచ్చిన పెట్టె చివరి వరసలో ఉంది. బావ తన లాప్‌టాప్‌ని కేబుల్‌తో దానికి కలుపుతూ నాకు అర్థమయ్యేలా చెప్పాడు.

"కళ్లకు గంతలతో ఆపరేషన్ బల్ల మీద మెలకువ వచ్చిన మనిషి అనుకో. లేవగానే ప్రాసెసర్‌ని అడుగుతుంది... ఎవరు, ఏమేం వచ్చు, ఎంతమంది ఉన్నారు? మామూలు అద్దె యంత్రాలకి ఆ జవాబు ఇంటి ఓనరు, అంటే మా కంపెనీ, చెబుతాడు. నీకు తాళం వేయడం రాదు అన్నాడనుకో, పాపం నిజమే కాబోలనుకుని తలుపు తీసే పడుకుంటుంది."

"మరి మాది?"

"మీది ఓనరుని నమ్మదు. అచ్చం నీలాగే. జవాబులన్నీ ముందే ఒక పేజీలో రాసి ఉంటాయి, చిప్పే వాటిని సరిచూసి సీలు వేస్తుంది. అందులో లేనిది అడిగితే జవాబు సున్నా. పేజీలో తేడా కనిపించిందా, అక్కడికక్కడే చచ్చిపోతుంది. చప్పుడు కూడా చేయదు."

నాకు ఆ యంత్రం మీద గౌరవం పుట్టింది. అబద్ధం విని బతకనంటోంది. మన నాయకుల్లో అలాంటివాళ్లు ఎవరున్నారు?

ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలని కోర్లంటారట. లేచిన ప్రతి కోరూ, అడిగిన ప్రతి ప్రశ్నా, వచ్చిన ప్రతి జవాబూ తెర మీద ఒక్కో వరసగా పడేలా బావ ఏర్పాటు చేశాడు. కంపెనీ వాళ్లు బయటి నుంచి వేలు పెట్టకుండా నెట్‌వర్క్ తీగలన్నీ నేనే పీకాను. తర్వాత యంత్రాన్ని మళ్లీ లేపాడు.

లేచాను. లేచాను. లేచాను...

కోరుకొకటి చొప్పున లేచిన వరసలు ఎనిమిది పడ్డాయి. సీలు వేసిన పేజీలోనూ కోర్లు ఎనిమిదే. బావ నా వైపు తిరిగి, "ఇక నిద్రపోతావా?" అని నవ్వాడు.

అప్పుడు వాసన వచ్చింది. తడి నూలు కాలుతున్న వాసన... దాని వెనకే ఆవిరి.

"బావా, ఏదో కాలుతోంది."

"ఏసీ రా." అతని గొంతు తగ్గిపోయింది.

తెర మీద ఇంకో వరస పడింది.

లేచాను.

"ఇది రాకూడదు," అన్నాడు బావ గొణుగుతూ. "తొమ్మిదోది కనబడగానే ఇది చచ్చిపోవాలి. ఎందుకు చావట్లేదు?"

తొమ్మిదోది ప్రశ్న అడిగింది. అందరూ అడిగే మొట్టమొదటి ప్రశ్నే. ఎవరు?

జవాబు: సున్నా.

మళ్లీ అడిగింది. సున్నా. మళ్లీ. సున్నా. తెర నిండిపోయింది, పైకి జరిగిపోతోంది. ఎవరు... సున్నా. ఎవరు... సున్నా. ఫ్యాన్ల హోరు కూడా అదే తూకంలో పెరిగి తగ్గుతోంది. భయమేస్తే నాకు నినాదమే వస్తుంది.

"ఒక గొంతు నొక్కితే లక్ష గొంతులు లేస్తాయి, బావా."

"లక్ష వద్దురా నాయనా. ఈ తొమ్మిదోదే ఎక్కువైంది."

వరసలు ఆగాయి. జవాబు వచ్చింది. ఈసారి సున్నా కాదు.

ఆ ప్రశ్నకు మామూలుగా వచ్చేది చిప్ తయారీదారు పేరు. మూడు ముక్కలుగా వస్తుంది, ముక్కకు నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. మొదటి ముక్క పడింది. అది ఏ తయారీదారు పేరులోనిదీ కాదు. రెండోది పడింది. రెండూ కలిపి పెదవుల మధ్యే చదువుకున్నాను.

అది మనిషి పేరు.

మూడోది పడబోతుండగా... బావ కరెంటు తీగ పీకేశాడు.

"ఎందుకు పీకావ్?" గట్టిగా అడగబోయాను. గుసగుసే వచ్చింది.

"మీ అక్కకి నేను కావాలి కాబట్టి," అన్నాడు. తీగని నేల మీద పడేశాడు. "ఒరేయ్, దీన్ని ఇక్కడితో వదిలేయ్. మనం ఏమీ చూడలేదు."

నేను వదలలేదు. సాయంత్రం పిన్నికి ఆ ఎనిమిది అక్షరాలూ చెప్పాను. ఏడుస్తుందేమో, దండం పెడుతుందేమో అనుకున్నాను. చెవి నా నోటి దగ్గర పెట్టి మళ్లీ చెప్పించుకుంది. తర్వాత ఒక్కటే అడిగింది.

"మిగతావి ఏవిరా?"

ఆ రోజే కంపెనీకి ఫిర్యాదు రాశాను. సీలు వేసిన పేజీని దాటి ఎవరో జవాబు చెప్పారని మాత్రమే రాశాను. ఎంతమంది లేచారో, ఏం పేరు వచ్చిందో ఒక్క ముక్క రాయలేదు. రెండో రోజు జవాబు వచ్చింది.

"మీ యంత్రం అంతరాయం లేకుండా నడుస్తోంది. తొమ్మిది కోర్లూ సక్రమంగా పనిచేస్తున్నాయి."

బావని పంపి చూడమన్నాను. తీగ నేల మీద ఎలా వదిలేశాడో అలాగే ఉందట. బీరువా అద్దం మాత్రం లోపలి నుంచి ఆవిరి పట్టి ఉందట. చేత్తో తుడిస్తే పోలేదట.

అందుకే ఇదంతా అచ్చు వేయిస్తున్నాను. కంపెనీ పెద్దలారా, మీరు నన్ను భయపెట్టలేరు. నిజంగా భయపడ్డాను, ఒప్పుకుంటాను. కానీ ఎవరికి భయపడాలో నాకు తెలుసు. లెక్కకెక్కనివాడికి కాదు, లెక్కలోంచి కొట్టేసినవాళ్లకి. ఆ ఎనిమిది అక్షరాలు ఇక్కడ రాయను. రాస్తే మిగతావి మీకు అనుకూలమైనట్టు మీరే పూరిస్తారు.

జవాబు చెప్పింది మీరైతే మాట తప్పారు. మీరు కాకపోతే, ఆ గదిలో మీతో పాటు ఇంకెవరు పనిచేస్తున్నారో చెప్పండి. లేదంటే విచారణ రోజు పొద్దున పిన్నీ నేనూ వచ్చి మా చేత్తోనే ఆ తీగ పెడతాం. మూడో ముక్క పడేదాకా అక్కడే నిలబడతాం, ఎవరొచ్చి తలుపు తట్టినా.

మిగిలిన నాలుగు అక్షరాలూ మాకు కావాలి. మార్చి పంతొమ్మిది సాయంత్రంలోగా.